ఇంటి వర్క్‌షాపులో చెక్కల ర్యాక్ గట్టిగా కట్టుకోవడం ఎలా

మీ ప్రశ్న సారాంశం ఇది: వర్క్‌షాపులో 12 అడుగుల గోడ ఖాళీగా ఉంది. దానికి ఎల్ ఆకారపు ఇనుప బ్రాకెట్లు బిగించి 8 అడుగుల పలకలు పేర్చారు. కొన్నాళ్లకు పై వరుస మరమేకులు గోడ పెచ్చులతో సహా ఊడివచ్చాయి. ఇప్పుడు 300 నుంచి 400 కిలోల చెక్కను ఏళ్ల తరబడి మోసే ర్యాక్ కావాలి. ఎంత లావు చెక్క వాడాలి, గోడకు ఎలా పట్టించాలి, ప్లైవుడ్ షీట్లు కూడా దాని మీదే పెట్టవచ్చా అని అడిగారు.

చెక్క లావు సంగతి తరవాత చూద్దాం. ముందు తేల్చుకోవలసింది బరువు ఏ దారిన నేలకు చేరుతోంది అన్నది. మీ బ్రాకెట్లు ఊడిపోయాయంటే మరమేకులు నాసిరకమని అనుకోనక్కరలేదు. బరువు మొత్తం గోడకు వేలాడుతోంది, అసలు ఇబ్బంది అది. లెక్క వేసి చూడండి. 300 మి.మీ. పొడవున్న బ్రాకెట్ మీద 50 కిలోల చెక్క సమంగా పరిచి ఉంటే ఆ బరువు కేంద్రం గోడకు 150 మి.మీ. దూరంలో ఉంటుంది. బ్రాకెట్ పై మరమేకుకూ దాని కింది అంచుకూ మధ్య దూరం కూడా 150 మి.మీ. అనుకుందాం. అప్పుడు పై మరమేకును గోడలోంచి బయటకు లాగే బలం సుమారు 50 కిలోలు. కిందికి దిగలాగే 50 కిలోలు దీనికి అదనం. అదే బరువు కొసకు జరిగితే లాగే బలం 100 కిలోలు. ప్లాస్టరింగులో దిగిన ప్లాస్టిక్ ప్లగ్గు దీన్ని కొంతకాలం మోస్తుంది, తరవాత వదిలేస్తుంది.

ఇప్పుడు అదే గోడ దగ్గర 1900 మి.మీ. ఎత్తున్న నాలుగు నిలువు స్తంభాలను నేల మీద నిలబెట్టి, పలకలను మోసేందుకు ముందుకు పొడుచుకొచ్చే చెక్కలను (వీటిని చేతులు అందాం) వాటికి బిగించామనుకోండి. మొత్తం 400 కిలోలు, బరువు కేంద్రం గోడకు 250 మి.మీ. దూరంలో ఉందని కాస్త ఎక్కువగానే లెక్కగడదాం. ర్యాక్‌ను ముందుకు పడదోసే బలాన్ని 1900 మి.మీ. ఎత్తులో ఉన్న యాంకర్లు, అంటే గోడలోకి దించే పట్టు బోల్టులు, ఆపాలి. 400ను 250తో గుణించి 1900తో భాగిస్తే మొత్తం 53 కిలోలు, ఒక్కో స్తంభానికి 13 కిలోలు వస్తుంది. ఒక్క బ్రాకెట్ మరమేకు మోసినదానిలో నాలుగో వంతు మాత్రమే. 400 కిలోల బరువు నిటారుగా నేలలోకి దిగిపోతుంది. గోడకు మిగిలే పని ర్యాక్ ముందుకు తూలకుండా పట్టుకోవడమే. నిండు బిందెను చేయి చాచి పట్టుకోవడానికీ నడుముకు ఆనించి మోయడానికీ ఎంత తేడానో ఇక్కడా అంతే. అందుకని, గోడ ఎంత మంచిదైనా సరే, స్తంభాలను నేలకు దించకుండా ర్యాక్ కట్టవద్దు.

బరువు అంచనా దగ్గర చాలామంది పొరబడతారు. బాగా ఆరిన టేకు ఘనపు అడుగుకు సుమారు 18 కిలోలు తూగుతుంది. పైన్ 14 కిలోలు. మద్ది, గుగ్గిలం వంటి బరువైన జాతులు 24 కిలోల వరకు ఉంటాయి. 8 అడుగుల పొడవు, 6 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం ఉన్న టేకు పలక సుమారు 6 కిలోలు. 12 అంగుళాల చేతి మీద ఇలాంటివి పక్కపక్కన రెండు పడతాయి. ఆరు వరుసలు పేర్చితే 12 పలకలు, అంటే 70 కిలోలకు పైమాట. బరువైన జాతి అయితే 95 కిలోలు దాటుతుంది. ఇది నాలుగు చేతుల మధ్య పంచుకోబడుతుంది గాని, ఎప్పుడూ సమంగా పంచుకోబడదు. మధ్యలో ఎవరో ఒక దుంగ తెచ్చి పడేస్తారు, పై వరుస అందుకోవడానికి ఇంకొకరు కాలు పెడతారు. అందుకే ఒక్కో చేయి 60 కిలోలు మోయాలని పెట్టుకోండి. మామూలు రోజుల్లో దాని మీద 25, 30 కిలోలకు మించి పడదు, మిగిలినదంతా భద్రత కోసం.

చేతుల మధ్య ఎత్తు విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. 250 మి.మీ.కు ఒక వరుస చొప్పున ఎక్కువ వరుసలు పెట్టుకోండి. 450, 500 మి.మీ. ఎడంతో మూడు వరుసలు పెడితే పని త్వరగా అవుతుంది, నిజమే. కానీ కావలసిన పలక ఎప్పుడూ దొంతర అడుగునే ఉంటుంది, దాని కోసం పైన ఉన్న పదింటినీ దించాలి. ఓపిక నశించి కొత్త పలక కొనుక్కొచ్చేవాళ్లు ఉన్నారు. ఎడం తగ్గితే ఒక్కో చేతి మీద పడే బరువు కూడా తగ్గుతుంది. అడుగు వరుస నేలకు 150 మి.మీ. ఎత్తున మొదలుపెట్టి 250 చొప్పున ఆరు వరుసలు వేస్తే పైది 1400 మి.మీ. దగ్గర, అంటే భుజం ఎత్తుకు అటూ ఇటూగా ఉంటుంది. అంతకంటే పైన 8 అడుగుల బరువైన పలకను ఒంటరిగా ఎత్తి పెట్టడం నడుముకూ మంచిది కాదు, తలకూ మంచిది కాదు.

ఇక స్తంభాలు ఎంత దూరంలో ఉండాలి? పలక తన బరువుకు తానే వంగే పరిమాణం ఆధారాల మధ్య దూరం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. అంటే దూరం రెట్టింపయితే వంపు 16 రెట్లు. మూడు స్తంభాలను 900 మి.మీ. దూరంలో పెట్టడానికీ, నాలుగింటిని 620 మి.మీ. దూరంలో పెట్టడానికీ మధ్య వంపులో తేడా నాలుగింతలకు పైనే. పైగా చెక్క ఎంత లావుదైనా, ఎక్కువ కాలం బరువు కింద ఉంటే మెల్లమెల్లగా ఇంకా వంగుతూ పోతుంది. అలా స్థిరపడిన వంపు పలకను కిందికి దించినా పూర్తిగా పోదు. డబ్బు పెట్టి కొన్న నిటారు పలక నిలవలో వంకరయితే ఆ నష్టానికి కారణం ర్యాకే. అందుకని 620 మి.మీ. దూరంలో నాలుగు స్తంభాలు పెట్టండి. చివరి స్తంభాలు దాటి 8 అడుగుల పలక రెండు వైపులా సుమారు 290 మి.మీ. చొప్పున బయటకు ఉంటుంది, అది సరిపోతుంది. 10 అడుగుల పలకలు తరచుగా కొంటే ఐదో స్తంభం వేసుకోండి, మీ గోడకు ఆ చోటు ఉంది. పలక ఏదైనా కారణం చేత రెండే ఆధారాల మీద ఉండవలసి వస్తే, రెండు కొసల నుంచీ పొడవులో 22 శాతం లోపలికి జరిపి పెట్టండి. 8 అడుగుల పలకకు అది దాదాపు 540 మి.మీ. అప్పుడు వంపు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది.

ఇప్పుడు చేతులు. 38 మి.మీ. మందం, 90 మి.మీ. లోతు (పై అంచు నుంచి కింది అంచుకు) ఉన్న చేయి కొసన 60 కిలోలు వేలాడదీసినా మామూలు చెక్క దానంతటది విరగదు, దాని మీద పడే ఒత్తిడి అది తట్టుకోగలిగినదానిలో సగం కూడా ఉండదు. ర్యాక్ పాడయ్యేది చేయి స్తంభాన్ని కలిసే చోట. స్తంభానికి పక్కన చేయి ఆనించి రెండు మరమేకులు కొట్టారనుకోండి. వాటి మధ్య దూరం 50 మి.మీ. అయితే, 60 కిలోలు సమంగా పరిచినప్పుడు కూడా ఒక్కో మరమేకు మీద 180 కిలోలకు తక్కువ కాని బలం పడుతుంది. పైగా చాలామంది వాడేవి జిప్సమ్ బోర్డుల కోసం చేసిన నల్ల మరమేకులు. అవి గట్టిగా ఉంటాయి కానీ పెళుసు, వంగకుండా పుటుక్కున తెగుతాయి. బరువు మోసే ఏ జోడింపులోనూ వాటిని వాడవద్దు.

నేను ఎవరికైనా చెప్పేది మూడు పొరల స్తంభం. రెండు పక్కలా 18 మి.మీ. ప్లైవుడ్ పట్టీలు చెంపల్లా ఉంటాయి. ఒక్కోటి 1900 పొడవు, 100 వెడల్పు. వాటి మధ్య పొరలో ఒక దిమ్మ, దాని మీద చేయి, మళ్లీ దిమ్మ, మళ్లీ చేయి. చేతి మొదలు 100 మి.మీ. స్తంభం లోపలికి పూర్తిగా వెళ్తుంది, 300 మి.మీ. బయటకు వస్తుంది. బరువు పడినప్పుడు చేయి ముందు భాగం కింది దిమ్మ అంచు మీద ఆనుతుంది, వెనక భాగం పైకి లేవబోయి పై దిమ్మ కింద ఇరుక్కుంటుంది. 60 కిలోల బరువుకు లోపల 150 కిలోలకు తక్కువ కాని బలం పుడుతుంది గాని అదంతా చెక్క మీద చెక్క నొక్కుకునే బలం. మరమేకును తెంపే బలం కాదు, జిగురును లాగే బలం కూడా కాదు. ఒక్కో దిమ్మ మీద పడిన బరువు కింది చేతికి, అక్కడి నుంచి కింది దిమ్మకు, అలా నేల దాకా దిగుతుంది. ఈ అమరికలో తప్పుపట్టడానికి ఏమీ దొరకలేదు నాకు.

ఒక్క 8×4 షీటును 100 మి.మీ. పట్టీలుగా కోస్తే రంపం తినే మందం పోను 11 వస్తాయి. నాలుగు స్తంభాలకు కావలసినవి 8. మిగిలిన మూడూ గోడ బద్దలకూ ఇతర పనులకూ ఉంటాయి. మధ్య పొర దిమ్మలు ఎలాంటి నిటారు చెక్కతోనైనా చేయవచ్చు, చేతుల మందం వాటి మందం ఒకటే అయితే చాలు. చేతుల విషయంలో మాత్రం జాగ్రత్త. పూర్తిగా ఆరని చెక్కతో చేస్తే 90 మి.మీ. లోతున్న చేయి ఆరే కొద్దీ అడ్డంగా 1 నుంచి 2 మి.మీ. కుంచించుకుపోతుంది. స్తంభం లోపల 1 మి.మీ. వదులు ఏర్పడితే కొస 3 మి.మీ. కిందికి దిగుతుంది. ఒక్కో చేయి ఒక్కో రకంగా దిగితే ఇక ఆ వరుస మట్టం పోయినట్టే. చెక్క ఆరిందన్న నమ్మకం లేకపోతే 18 మి.మీ. ప్లైవుడ్ రెండు పొరలు జిగురుతో అతికించి 36 మి.మీ. మందపు చేతులు చేసుకోండి. ప్లైవుడ్ అడ్డంగా కుంచించుకోదు. దిమ్మలు కూడా అప్పుడు 36 మి.మీ.కే చిత్రిక పట్టాలి. చేతులకు ముడులున్న చెక్క వద్దు, ముఖ్యంగా మొదలు దగ్గర.

చేతి పై అంచు తిన్నగా ఉంచి, కింది అంచును స్తంభం దాటిన తరవాత నుంచి కొస దాకా ఏటవాలుగా కోసుకోవచ్చు. మొదట్లో 90 మి.మీ., కొసన 40 మి.మీ. బలం మొదటి దగ్గరే కావాలి, కొసన దాదాపు అక్కరలేదు. కింది వరుస పలకలు తీసుకునేటప్పుడు మోచేతికి తగలదు కూడా. చేయి సన్నగా ఉందనిపించి మందం పెంచాలనుకునేవాళ్లకు ఒక మాట: మందం రెట్టింపు చేస్తే బిగువు రెట్టింపే అవుతుంది, లోతు రెట్టింపు చేస్తే ఎనిమిది రెట్లవుతుంది. పెంచాలంటే లోతు పెంచండి.

చేతులు 3 డిగ్రీలు పైకి ఎత్తి ఉండాలి. 300 మి.మీ. పొడవుకు కొసన 15 మి.మీ. ఎత్తు. పలకలు తమంతట తాము గోడ వైపు జారి ఉంటాయి, కొసన అడ్డు మేకు కొట్టనక్కరలేదు. ఆ అడ్డు మేకులు పలకను జరిపి తీసుకోనివ్వవు, అందుకని నాకు నచ్చవు. ఈ వాలు కోసం కొలతలు గీసుకుంటూ కూర్చోవద్దు. రంపాన్ని 3 డిగ్రీలకు పెట్టి, ముక్క కొస ఆని ఆగడానికి ఒక అడ్డు దిమ్మ బిగించి, దిమ్మలన్నిటి రెండు కొసలూ ఒకే వాలులో, ఒకే పొడవులో కోసేయండి. 250లోంచి చేతి లోతు 90 తీసేస్తే దిమ్మ పొడవు 160 మి.మీ. అడ్డు దిమ్మ ఆసరాతో కోసిన ముక్కలన్నీ ఒక్క కొలతకు వస్తాయి. టేపుతో కొలిచి ఒక్కోటీ కోస్తే ముక్కకు అర మిల్లీమీటరు తేడా వచ్చినా ఆరో వరుసకు చేరేసరికి 3 మి.మీ. అవుతుంది. అన్నిటికంటే అడుగున ఉండే దిమ్మ మాత్రం వేరు. దాని కింది కొస నేల మీద ఆనాలి కాబట్టి చదరంగా, పై కొస వాలుగా కోయాలి. ఆ నాలుగూ వేరే కోసి పక్కన పెట్టుకోండి.

బిగించేటప్పుడు నాలుగు స్తంభాలనూ నేల మీద పక్కపక్కన పరిచి ఒకేసారి కట్టుకోండి. ఒక చెంప పరిచి, దిమ్మలను తెల్ల జిగురు, మరమేకులతో దానికి పట్టించి, మధ్యలో చేతులు జిగురు లేకుండా దూర్చి, రెండో చెంప మూయాలి. దిమ్మకు మరమేకులు రెండు చెంపల నుంచీ కొట్టండి. ఒక్కో చేతి మధ్యలోంచి అడ్డంగా ఒక 10 మి.మీ. బోల్టు, రెండు పక్కలా వెడల్పు వాషర్లు. రంధ్రం చేతి లోతుకు సరిగ్గా మధ్యలో ఉండాలి, అంచుల దగ్గర చేస్తే చేయి బలహీనపడుతుంది. బోల్టు బరువు మోయడానికి పెట్టింది కాదు, చేయి ముందుకు జారిపోకుండా పట్టి ఉంచడానికి. చేతులకు జిగురు వద్దనడానికి కారణం, ఎప్పుడైనా ఒకటి దెబ్బతింటే బోల్టు విప్పి మార్చుకోవచ్చు. ఇంకో కారణం కూడా ఉంది. తెల్ల జిగురు ఎడతెగని బరువు కింద మెల్లగా సాగుతుంది. బరువును ఏళ్ల తరబడి జిగురు మీద వేలాడదీయడం మంచిది కాదు.

గోడకు పట్టించడానికి స్తంభాలను నేరుగా గోడకు కొట్టకుండా, ముందు పైన ఒకటి, నడుము ఎత్తులో ఒకటి చొప్పున రెండు అడ్డ బద్దలు గోడకు బిగించి, స్తంభాలను వాటికి పట్టించండి. గోడలో ఎక్కడ పట్టు బాగుందో అక్కడ యాంకర్ వేసుకునే వీలుంటుంది, స్తంభం ఎక్కడ ఉండాలో అక్కడే నిలుస్తుంది. గోడకూ చెక్కలకూ మధ్య గాలి ఆడే సందు కూడా ఏర్పడుతుంది. గట్టి ఇటుక గోడ అయితే 10 మి.మీ. యాంకర్ బోల్టులు వాడి, కనీసం 60 మి.మీ. ఇటుకలోకే దిగేలా చూడండి. ప్లాస్టరింగు మందాన్ని ఈ లెక్కలో కలపకూడదు, దానికి పట్టు ఉండదు. మీ బ్రాకెట్లు చాలావరకు అక్కడే మోసపోయి ఉంటాయి. రంధ్రం ఇటుకల మధ్య సున్నపు అతుకులో కాక ఇటుక నడిమధ్యలో పడాలి. రంధ్రంలోని దుమ్మును పూర్తిగా ఊది తీసేయాలి, దుమ్ము మిగిలితే యాంకర్ గోడను కాక దుమ్మును పట్టుకుంటుంది. బోలు దిమ్మల గోడలో మామూలు విచ్చుకునే యాంకర్లు పలచని గోడను పగలగొడతాయి, అక్కడ జాలీ గొట్టంతో రసాయన జిగురు యాంకర్లు వేయాలి. చెక్క చట్రానికి జిప్సమ్ బోర్డు కొట్టిన గోడ అయితే బోర్డుకు ఏ బలమూ లేదు. లోపలి నిలువు చెక్కలను వెతికి వాటిలోకే 8 మి.మీ. లావు మరలు దించాలి. అవి మామూలుగా 16 లేదా 24 అంగుళాల దూరంలో ఉంటాయి. ఏ గోడకైనా డ్రిల్లు పెట్టేముందు లోపల కరెంటు తీగలు, నీటి గొట్టాలు ఎక్కడ ఉన్నాయో చూసుకోండి.

స్తంభం అడుగు కొస నేల తేమను వేగంగా పీల్చుకుంటుంది, ఎందుకంటే చెక్క నార తెరుచుకుని ఉండేది కొసల దగ్గరే. అక్కడ చిక్కగా రంగు పూసి, కింద ఒక రబ్బరు ముక్క పెట్టండి. నేల ఎత్తుపల్లాలుగా ఉంటే గట్టి చెక్క చీలికలతో సరిచేయాలి. చెదల భయం ఉన్న చోట అడుగు భాగం కంటికి కనిపించేలా ఖాళీగా ఉంచండి. అక్కడ పాత అట్టపెట్టెలు కుక్కి పెట్టారంటే చెదలు ఎక్కినా తెలియదు.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ ఓపిక పెట్టవలసిన పని. ఒక వరుసలోని నాలుగు చేతులూ ఒకే తలంలో ఉండాలి. ర్యాక్ బలంగా ఉండి చేతులు తలో దారిన ఉంటే, అది మంచి పలకలను మెల్లగా మెలితిప్పుతుంది. ముందు మొదటి స్తంభాన్నీ చివరి స్తంభాన్నీ రసమట్టంతో నిటారుగా నిలబెట్టి, రెండింటి ఎత్తునూ నీళ్లు నింపిన పారదర్శక గొట్టంతో సరిపోల్చండి. ఇంత దూరానికి చిన్న రసమట్టం కంటే నీళ్ల గొట్టమే నమ్మకమైనది. తరవాత చేతుల మొదళ్ల దగ్గర ఒక దారం, కొసల దగ్గర ఇంకో దారం బిగుతుగా లాగి కట్టి, మధ్య స్తంభాలను ఆ దారాలకు తాకీ తాకనట్టు నిలపండి. చివరగా మొదటి చేతి మీద, ఆఖరి చేతి మీద ఒక్కో తిన్నని బద్ద పెట్టి, ఒక కొస నుంచి కన్ను ఆనించి చూడండి. రెండు బద్దల పై అంచులు ఒకదానితో ఒకటి కలిసిపోయినట్టు కనిపించాలి. ఒకటి వాలి కనిపిస్తే మెలిక ఉన్నట్టు. స్తంభం అడుగున చీలిక దూర్చి గాని, చేతి మీద పలచని పొర అతికించి గాని సరిచేయండి. 1 మి.మీ. లోపు తేడా పట్టించుకోనక్కరలేదు.

చెక్క చేతులకు బదులు స్తంభానికి రంధ్రాలు చేసి ఇనుప గొట్టాలు దూర్చే పద్ధతి కూడా ఉంది, చూడటానికి బాగుంటుంది, తొందరగా అవుతుంది. అయితే ముప్పావు అంగుళం గొట్టం అని మనం అనేదాని బయటి వ్యాసం దాదాపు 27 మి.మీ. దాన్ని 38 మి.మీ. చెక్క అంచులోకి దించితే రెండు పక్కలా 5, 6 మి.మీ. చెక్కే మిగులుతుంది, అది చీలిపోతుంది. గొట్టాలే కావాలంటే రెండు చెక్కలు అతికించి 75 మి.మీ. వెడల్పున్న స్తంభం చేసుకోండి. ఇంకో సమస్య మరకలు. తుమ్మ, ఓక్ వంటి టానిన్ (వగరు పదార్థం) ఎక్కువగా ఉండే చెక్కలకు తేమ తగిలి ఇనుము ఆనితే నీలి నలుపు మరకలు పడతాయి, చిత్రిక పట్టినా ఒక పట్టాన పోవు. గొట్టం మీద పలచని చెక్క బద్ద కట్టడం తప్పదు.

గోడకు రంధ్రం చేయడానికి వీల్లేని పరిస్థితి అయితే విడిగా నిలబడే ర్యాక్ కట్టుకోవచ్చు. అందులో ఒక్క నియమం తప్పనిసరి. స్తంభం అడుగున ముందుకు సాగిన కాలు, పైనున్న చేయి కొసను దాటి బయటకు ఉండాలి. అప్పుడు చేతుల మీద బరువు ఎక్కడ పెట్టినా అది కాలి లోపలే పడుతుంది, ర్యాక్ ముందుకు తిరగబడదు. కాలు దారికి అడ్డమనిపిస్తే దాన్నే అడుగు వరుసగా వాడుకోండి. వెనక వైపు ఒక మూల నుంచి ఇంకో మూలకు ఏటవాలు బద్దలు కొట్టాలి, లేకపోతే పక్కలకు ఊగుతుంది. దానికి చక్రాలు మాత్రం పెట్టవద్దు. 400 కిలోల ఎత్తైన వస్తువు నేలలోని చిన్న గతుకు దగ్గర ఆగిపోతే పై భాగం ఆగదు.

ప్లైవుడ్ షీట్ల గురించి. ఈ చేతుల మీద వద్దు. 4 అడుగుల వెడల్పు షీటుకు 12 అంగుళాల చేయి సరిపోదు. చేతులు పొడిగిస్తే పైన వేసిన లెక్కలన్నీ మారిపోతాయి. పడుకోబెట్టడానికి చోటు ఉంటే అది అన్నిటికంటే మేలు. లేకపోతే ఇంకో గోడ దగ్గర పొడవు అంచు మీద దాదాపు నిటారుగా, 5 డిగ్రీలకు మించని వాలుతో, వెనక పూర్తి పలక ఆసరాతో నిలబెట్టండి. ఆసరా లేకుండా ఎక్కువ వాలుగా ఆనిస్తే కొద్ది నెలల్లో విల్లులా వంగుతాయి. నేలకు 75 నుంచి 100 మి.మీ. ఎత్తు ఇవ్వండి. ఇందులో ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. 18 మి.మీ. ప్లైవుడ్ షీటు ఒకటి 32 నుంచి 35 కిలోలు, పది షీట్లయితే 320 నుంచి 350 కిలోలు అవుతుంది. వెనక షీటు కోసం ముందువాటిని ఒక్కొక్కటీ మీ వైపు వంచుతూ పోయినప్పుడు, అవి నిటారు దాటి మీ వైపుకు వాలిన క్షణం నుంచి మొత్తం బరువు మీ మీదే ఉంటుంది. ఒక్క మనిషి దాన్ని ఆపలేడు. నాలుగైదు షీట్లకు ఒక అర చొప్పున విడదీసి, ముందు గొలుసో పట్టీయో కట్టి ఉంచండి. వర్క్‌షాపులోకి పిల్లలు వచ్చే ఇళ్లలో ఈ గొలుసు లేకుండా షీట్లు నిలబెట్టవద్దని వేడుకుంటున్నాను.

3 అడుగుల కంటే పొట్టి ముక్కలు కూడా ఈ ర్యాక్ మీదకు రాకూడదు. స్తంభాల మధ్య దూరం 620 మి.మీ. కాబట్టి అవి రెండు చేతుల మీద అంచు అంచున నిలుస్తాయి, పక్క పలక లాగగానే జారి పాదం మీద పడతాయి. వాటికి గళ్లు గళ్లుగా ఉన్న పెట్టె ఒకటి చేసి నిలువుగా పెట్టుకోండి. ప్రతి పలక కొస మీద జాతి పేరు, కొన్న నెల రాయండి. దొంతరలో కనిపించేది కొసే కదా.

పచ్చి చెక్కను ఏ పరిస్థితిలోనూ ఈ చేతుల మీద పెట్టవద్దు. అప్పుడే కోసిన చెక్క ఆరినదానికంటే దాదాపు రెట్టింపు బరువుండవచ్చు, మీ 60 కిలోల లెక్క ఒక్కసారిగా తప్పుతుంది. దాన్ని నీడలో, నేలకు ఎత్తుగా, వరుసకూ వరుసకూ మధ్య 20 మి.మీ. సన్న బద్దలు పెట్టి ఆరబెట్టాలి. అంగుళం మందానికి సుమారు ఏడాది అన్నది పాత లెక్క, స్థలాన్ని బట్టి మారుతుంది. గాలిలో తేమ 65 శాతం ఉన్న చోట చెక్క 12 శాతం తేమ దగ్గర స్థిరపడుతుంది. ఆ స్థాయికి వచ్చిన పలకలను ర్యాక్ మీద బద్దలు లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చవచ్చు. ఇంకా కాస్త ఆరవలసి ఉంటే మధ్యలో బద్దలు పెట్టండి, కానీ ప్రతి బద్దా సరిగ్గా చేతి మీదుగానే రావాలి. రెండు చేతుల మధ్య ఖాళీలో పెట్టిన బద్ద పై బరువును కింది పలక నడుము మీద వేసి దాన్ని వంచుతుంది. కిటికీ ఎండ నేరుగా పడే గోడా, వానాకాలంలో చెమ్మగిల్లే గోడా ర్యాక్‌కు పనికిరావు. ఒక వైపే ఎండినా ఒక వైపే తడిసినా పలక దొప్పలా ముడుచుకుంటుంది.

పలకలు ఎక్కించేముందు పరీక్ష చేయండి. నీళ్లు నింపిన 20 లీటర్ల డబ్బా 20 కిలోలు. మూడు డబ్బాలను ఒక చేతి కొసన తాడుతో వేలాడదీస్తే 60 కిలోలు కొసన పడ్డట్టు. మొదటి దగ్గర అది 120 కిలోలు సమంగా పరిచినంత పని చేస్తుంది. వేలాడదీయడానికి ముందు కొస ఎత్తు కొలిచి రాసుకుని, ఒక రాత్రి అలా వదిలేసి ఉదయం మళ్లీ కొలవండి. డబ్బాలు నేలకు ఒక అంగుళం ఎత్తులోనే ఉండేలా కట్టుకుంటే ఏదైనా జారినా ప్రమాదం ఉండదు. కొస 3, 4 మి.మీ. దిగి, బరువు తీయగానే తిరిగి పైకి వస్తే నిశ్చింతగా వాడుకోండి. దిగినది దిగినట్టే ఉండిపోతే దిమ్మకూ చేతికీ మధ్య వదులు ఉందన్నమాట. బోల్టు విప్పి, చేతి వెనక భాగం మీద పలచని చీలిక దూర్చి మళ్లీ బిగించండి. ప్రతి స్తంభంలోనూ ఒక చేతిని ఇలా చూస్తే చాలు.

ఎక్కించేటప్పుడు అడుగు వరుస నుంచి మొదలుపెట్టి, బరువైన జాతులను కిందనే ఉంచండి. మొదటి పొడి కాలం గడిచాక నట్లన్నీ ఇంకోసారి బిగించి, దారం మళ్లీ లాగి వరుసల మట్టం చూడండి. ఆ తరవాత ఏడాదికోసారి చూసుకుంటే సరిపోతుంది. మీది ఇటుక గోడా, బోలు దిమ్మల గోడా అన్నది మీ ప్రశ్నలో లేదు. యాంకర్లు కొనేముందు ఊడిన బ్రాకెట్ల రంధ్రాలలో ఒకదాన్ని కాస్త లోతుగా తొలిచి చూస్తే అది తెలిసిపోతుంది. ఎర్రటి పొడి ఎడతెగకుండా వస్తే ఇటుక, డ్రిల్లు ఒక్కసారిగా ఖాళీలోకి దూకితే బోలు దిమ్మ.